సమాధానం

లచ్చవ్వ బతికే ఉంది. అమ్మను మట్టిచేసి వచ్చిన వారానికి ఆ సంగతి నాకు తెలిసింది. మధ్యాహ్నం పూట సూరత్ అమ్రోలిలో మా ఫ్లాటు తలుపును ఎవరో అరచేత్తో దబదబ చరిచారు. బెల్లు ఉండగా తలుపు చరిచేవాళ్లు మా పాత భేస్తాన్ గల్లీవాళ్లు తప్ప ఇంకెవరూ కారు. తీసి చూస్తే నడుం వంగిన ముసలామె. "సత్తెమ్మ బిడ్డెవే గదా?" అంది. గొంతు పోల్చుకోలేదు, నిలబడ్డ తీరు పోల్చుకున్నాను. బరువంతా కుడికాలి మీద మోపి, ఎడమచెయ్యి నడుంకు ఆనించి నిలబడింది. కండెలు చుట్టే మిషన్ల దగ్గర వయసంతా గడిపిన ఆడవాళ్లు ముసలితనంలో ఇట్లాగే నిలబడతారు. మా అమ్మ కూడా మంచాన పడేదాకా ఇట్లాగే నిలబడింది. ఈ లచ్చవ్వను నేను మనసులో చాలాసార్లు చంపాను. ఒకసారి లారీ కింద వేశాను, ఒకసారి ఆసుపత్రి వరండాలో దిక్కులేని శవాన్ని చేశాను. అట్లాంటి మనిషి మా గుమ్మంలో నిదానంగా చెప్పులు విడుస్తుంటే నాకు ముందు కోపం రాలేదు. ఇన్నేళ్ల నా శాపాల్లో ఒక్కదానికీ పస లేకపోయిందే అని సిగ్గేసింది.

లోపలికి రమ్మన్నాను. చావింటికి వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టకూడదని మా బాపమ్మ చిన్నప్పుడు నేర్పింది, లేకపోతే నిలబెట్టేదాన్నే. లచ్చవ్వ అమ్మ మంచం దాకా వెళ్లి, దాని మీద కూర్చోకుండా పక్కన నేల మీద చతికిలబడింది. బొడ్డున దోపుకున్న ఒక గుడ్డ మూట మీద నుంచి చెయ్యి మాత్రం తీయలేదు. "జర చాయ్ పొయ్యి బిడ్డా. చాయ్ తాగినంక నిన్నొక్క మాట అడుగుత. అడిగి పోత" అంది. నేను వంటింట్లోకి వెళ్లి పాలు పొయ్యి మీద పెట్టాను. ఆ అడగబోయే మాట ఏదో నాకు తెలుసు. దానికి జవాబు కూడా తెలుసు. చెప్పాలా వద్దా అన్నదే తెలియలేదు. నన్ను బడి మాన్పించిన మనిషి నా చేతి చాయ్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంది, పాలు పొంగడానికి ఎప్పుడూ లేనంత సేపు తీసుకున్నాయి.

అప్పట్లో మేం ఉన్నది భేస్తాన్‌లో, రేకుల కప్పు కింద ఒకే గది. సూరత్‌లో మగ్గాల షెడ్డును ఖాతా అంటారు. మా గోడకు ఆనుకునే ఒక ఖాతా ఉండేది. కరెంటు మగ్గాలను మావాళ్లు సాంచలంటారు. ఆ సాంచలు రాత్రీ పగలూ ఆడుతుంటే గూట్లో గిన్నెలు వాటంతటవే జరిగి అంచుకొచ్చేవి. పొద్దున లేవగానే గిన్నెలను వెనక్కి నెట్టడం మా ఇంట్లో మొదటి పని. బాపు ఇంకో ఖాతాలో సాంచలు నడిపేవాడు, అమ్మ అదే ఖాతాలో కండెలు చుట్టేది. ఇంట్లో అన్నిటికీ సాంచల నూనె వాసన, బాపు చొక్కాకూ, దుప్పట్లకూ, ఒక్కోసారి పచ్చిపులుసుకూ. సాయంత్రమైతే అద్దకం మిల్లుల బొగ్గు పొగ దిగేది, ఆరేసిన తెల్లబట్ట ఏదీ తెల్లగా లోపలికి వచ్చేది కాదు.

ఖాతాలో అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్లు గొంతు వాడరు. పెదవులు కదుపుతారు, ఎదుటివాళ్లు చదువుకుంటారు. ఇంట్లోనూ పక్క ఖాతా మోతే కాబట్టి అమ్మా బాపూ ఇంట్లో కూడా అట్లాగే మాట్లాడుకునేవాళ్లు. ముద్ద నోట్లో పెట్టుకుని బాపు పెదవులు కదిపేవాడు, కూరలో ఉప్పెక్కువైందని. అమ్మ పొయ్యి దగ్గర నుంచే పెదవులతో జవాబిచ్చేది, కళ్లు మూసుకుని తినమని. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఎన్నడూ ఖాతా గడప తొక్కని మా బాపమ్మకు ఇందులో ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. మూలన కూర్చుని తంబాకు నలుపుతూ, "ఈ మూగోళ్ల కొంపల పడ్డ. నన్ను తిట్టుకునుడే తిట్టుకునుడు" అనేది. నిజానికి సగంసార్లు ఆమెనే అనుకునేవాళ్లు. నాకు అఆలు రాకముందే ఆ పెదవుల చదువు వచ్చింది. మా ఇంట్లో ప్రేమ అంటూ ఉంటే అది చప్పుడు లేని ఆ మాటల్లోనే ఉండేది, అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు.

అమ్మ గల్లీలో చిట్టీ నడిపేది. ఆడవాళ్లు నెలనెలా తలా ఇంత వేస్తారు, అవసరమున్న ఆమె మొత్తం ఎత్తుకుంటుంది, ఆ తర్వాత నెలనెలా కడుతూ పోతుంది. కాగితం ఉండదు, నడిపే మనిషి మాటే పూచీ. అమ్మ మాటకు అంత విలువ ఉండేది. లచ్చవ్వ అమ్మకు పక్క మిషను మనిషి, నాకు వరసకు పెద్దమ్మ. ఇద్దరూ ఒకే సద్ది విప్పుకుని తినేవాళ్లు. ఆమె అమ్మ పూచీ మీద మొదటి చిట్టీ ఎత్తుకుంది, బతిమాలి ఇంకొకరి వంతు కూడా ఎత్తుకుంది. ఒకరోజు పొద్దున చూస్తే వాళ్ల గదికి తాళం. మొగుణ్ణీ పిల్లల్నీ తీసుకుని భీవండి పోయిందన్నారు. అక్కడా మనవాళ్ల సాంచలున్నాయి, బతకడానికి దారి ఉంది. బతకడానికి దారి లేకుండా పోయింది మాకు.

ఆ తర్వాత గల్లీ ఆడవాళ్లు చేసినవన్నీ చెబితే ఇప్పుడు వాళ్ల మనవలు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ. నల్లా దగ్గర అమ్మ బిందెను వరసలోంచి కాలితో తన్నేవాళ్లు. పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు గుమ్మంలో కూర్చుని దుమ్మెత్తిపోసేవాళ్లు. అందరూ పేదవాళ్లే, అందరి డబ్బూ చెమటదే, వాళ్ల కోపం న్యాయమైనదే. న్యాయమైన కోపమున్న మనిషి ఎంత దూరం పోగలదో నేను అప్పుడే చూశాను. నడివేసవిలో నలుగురు వచ్చి మా ఒక్క ఫ్యానునూ విప్పుకుని పోయారు. విప్పుతున్నప్పుడు స్టూలు కదలకుండా నన్నే పట్టుకోమన్నారు. పట్టుకున్నాను. పైన ఖాళీ కొక్కెం మిగిలింది. ఆ వేసవంతా బాపమ్మ వీపు మీద చెమటకాయలు లేస్తే గీకింది నేనే. గీకుతున్నంతసేపూ ఆమె అమ్మను తిడుతూనే ఉండేది. ఆ నోటికి వేరే ఆయుధం అక్కర్లేదు. "నా కొడుకు బంగారమసొంటోడు. వానికి దొరికిన పెండ్లాం చూడు, ఊరి పైసలన్ని తెచ్చి ఊరి మీద పోసింది" అనేది.

మా కులసంఘంలో పెద్దమనిషి రాజేశం మామ. పంచాయితీ పెడతానని, ఆ రోజు అందరి ముందూ సమాధానం చెప్పాలని అమ్మకు కబురు పంపాడు. అప్పటి నుంచి గల్లీలో ఎక్కడ చూసినా అదే మాట, సమాధానం ఎప్పుడు చెప్తావు, ఏం సమాధానం చెప్తావు అని. అమ్మ అన్నం తినడం మానేసింది, నిద్ర ముందే పోయింది. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని అంగడికి పోతుంటే దారిలో ఒక గది గోడ మీద ఎర్ర రంగుతో పెద్ద తెలుగు అక్షరాలు కనపడ్డాయి. హిందీ, గుజరాతీ రాతల మధ్య తెలుగు కనపడితే మాకు ఆగి చూసే అలవాటు. "ఏం రాసిన్రే?" అని అడిగింది అమ్మ. ఆమెకు చదువు రాదు. నేను తెలుగు మీడియం మున్సిపాలిటీ బడిలో ఏడో తరగతి. "సమాధానము అని రాసిన్రమ్మా" అన్నాను. అమ్మ ఆ గోడ వంకే చాలాసేపు చూసింది. "ఆడ సమాధానం ఇస్తరా?" అంది.

యేసును నమ్మినవాళ్ల తెలుగులో సమాధానమంటే జవాబు కాదనీ, మనసుకు దొరికే శాంతి అనీ మా ఇద్దరికీ తెలియదు. చిట్టీవాళ్లకు చెప్పడానికి జవాబు దొరుకుతుందని మా అమ్మ ఆ గదిలోకి వెళ్లింది. లోపల చాప మీద పది మంది దాకా ఆడవాళ్లు, ఆంధ్ర వైపు నుంచి వచ్చిన పాస్టర్ గారు. వాళ్లలో ఒక్కరికి కూడా అమ్మ బాకీ లేదు. ఆమెను చూసి ఎవరూ మొహం చిట్లించలేదు, జరిగి చోటిచ్చారు. అమ్మ ఒక మూల కూర్చుని, కూర్చున్న కాసేపటికే గోడకు తల ఆనించి నిద్రపోయింది. ప్రార్థన అయిపోయినా ఎవరూ లేపలేదు. ఆమెను ముందు గెలుచుకున్నది ఆ నిద్రే అని నేను ఇప్పటికీ అంటాను. వచ్చేటప్పుడు పాస్టర్ గారు నల్ల అట్ట పుస్తకం ఒకటి చేతిలో పెట్టారు, అది చదివి వినిపించే పని నాకు పడింది. బాపమ్మ ఊరుకుంటుందా? "ముక్కోటి దేవుళ్లు తీర్చని అప్పు గా ఒక్కడు తీరుస్తడానే? ముందుగాల ఆ కొక్కానికి ఏలాడి జర గాలి ఊపుమను" అంది.

ఆ పుస్తకంలో యేసు నేర్పిన ప్రార్థన ఉంది కదా, అందులో ఋణములు అనే మాట వస్తుంది. అమ్మ నన్ను ఆపింది. "అంటే?" అంది. బడిలో మాకు చెప్పిన అర్థమే చెప్పాను. "అప్పులమ్మా." మళ్లీ చదవమంది. మాకు బాకీ ఉన్నవాళ్లను మేం వదిలేసినట్టే మా బాకీలు నువ్వు వదిలెయ్యి అని అడిగే ఆ వాక్యాన్ని నాచేత ఎన్నిసార్లు చదివించిందో. నేను తప్పు చెప్పానని ఇప్పుడూ అనుకోను. నిఘంటువులో అదే ఉంది. చదువుతున్న కొద్దీ అమ్మ మొహంలో రంగు తిరిగి వచ్చింది. "గిట్ల సాఫుగ రాసి పెట్టిన్రు, మనకే ఎరుక లేదు" అంది. లచ్చవ్వ తనకు బాకీ. తను గల్లీకి బాకీ. అక్కడ తను వదిలేస్తే ఇక్కడ తనను వదిలేస్తారు. ఒకవైపు నూలు వదిలితేనే ఇంకోవైపు కండె తిరుగుతుంది. జీవితమంతా కండెలు చుట్టిన మనిషికి ఇందులో అనుమానపడటానికి ఏముంది?

పంచాయితీ కరెంటు సెలవు రోజు పెట్టారు. సాంచలన్నీ ఆగిపోయి, మా చెవులకు అలవాటు లేని నిశ్శబ్దం. సంఘం రేకుల షెడ్డులో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. నిజానికి అది మాకు మంచి రోజే. నలుగురు మగవాళ్లు భీవండి పోయి లచ్చవ్వను పట్టుకుని వసూలు చేయాలని సగం మంది అప్పటికే అనుకున్నారు. అమ్మ నోరు మూసుకుని కూర్చుంటే చాలు. రాజేశం మామ, "ఏం సత్తెమ్మా, నీ సమాధానమేంది?" అని అడిగాడు. మగవాళ్ల వెనక నిలబడ్డ బాపు పెదవులు కదిలించాడు. నేను చదివాను. "ఏమనకు. గమ్మునుండు." అమ్మ కూడా చూసింది. చూసి, మొహం అటు తిప్పుకుంది. లేచి నిలబడి, "నేను లచ్చక్కను మాఫ్ చేసిన" అంది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత షెడ్డంతా ఒక్కసారి లేచింది. "మా పైసలు మాఫ్ చెయ్యనీకి నువ్వెవలవే?" అని ఒకామె అమ్మ జుట్టు పట్టుకుంది. రాజేశం మామ అందరినీ కూర్చోబెట్టాడు. ఆయన గొంతు పెంచేవాడు కాదు, అందుకే ఆయనంటే భయం. "జర ఇనుండ్రి. మాఫ్ ఎవలు చేస్తరు? బాకీ ఎవలకు రావాల్నో వాళ్లు. సత్తెమ్మ మాఫ్ చేసిందంటె లచ్చవ్వ సత్తెమ్మకు బాకీ అన్నట్టు. అంటె మీ అందరికి సత్తెమ్మ బాకీ. ఇగ భీవండి పోవుడెందుకు? ఏమ్మా, గంతేనా?" అన్నాడు. అమ్మ, "గంతే" అంది. అంత పెద్ద బరువు ఇంత తేలిగ్గా ఒకరి నెత్తికి చేరడం చూసి జనం కూడా కాస్త బిత్తరపోయారు. నేను బాపు వైపు చూశాను. ఆయన అక్కడ లేడు.

మర్నాడు పొద్దున అమ్మ తలకు పోసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని బిందె తీసుకుని నల్లా దగ్గరికి వెళ్లింది. అక్కడ నిలబడి ఒక్కొక్కరి మొహం చూసింది. దేవుడు ఎవరి నోట మాఫ్ అనిపిస్తాడో అని చూసిందని నాకు చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు. ఒకామె ఆ మంచి చీర మీద ఉమ్మింది. అమ్మ బిందె నింపుకుని వచ్చింది. మరునాడు కూడా వెళ్లి అట్లాగే చూసింది. ఆ తర్వాత పాస్టర్ గారిని అడిగితే ఆయన కంగారుపడ్డాడు. "అయ్యో, అమ్మగారూ, అక్కడ ఋణములంటే పాపములండీ. డబ్బు సంగతి కాదండీ" అన్నాడు. అమ్మ ఆయన వంక జాలిగా చూసింది. "మరి పాపాలని రాయకపోయిన్రా అయ్యగారూ? అప్పని రాసి పాపమంటె చదువురానోళ్లు ఏం గావాలె?" అంది. పాపం, ఆయన దగ్గర సమాధానం లేదు. బాప్తిస్మం అప్పుడు కొత్త పేరు పెడతానంటే మాత్రం అమ్మ ఒప్పుకోలేదు. "బాకీలన్ని సత్తెమ్మ పేరు మీదున్నయి. పేరు మార్చుకుంటె పారిపోయినట్టయితది" అంది. అంత మోసపోయాక కూడా ఆ గదికి ఎందుకు పోతావని బాపమ్మ నిలదీస్తే అమ్మ చెప్పిన మాట నాకు బాగా గుర్తు. "నా ఇంటికి బాకీ అడగనీకి రానోడు గాయనొక్కడే అత్తా."

అమ్మకు నిద్ర వచ్చింది, నాకు బడి పోయింది. చీరలకు టిక్కీలు, అంటే తళుకు బిళ్లలు, అంటించే పని ఇంటికి తెచ్చుకున్నాం, అమ్మ ఖాతా నుంచి వచ్చాక, నేను పొద్దుటి నుంచి. రింగ్ రోడ్ మార్కెట్లలో దీపాల కింద మెరిసే ఆ చీరలకు మెరుపు మా వేళ్ల మీది చర్మం. జిగురు అంటుకుని ఊడివస్తే తోలు కూడా వచ్చేది. అన్నం కలుపుకుంటే జిగురు వాసన, కళ్లు నలుపుకుంటే మంట. బడి గంట మా గదికి వినపడేది. మోతలో మనుషుల మాటలు వినపడవు గానీ ఆ గంట మాత్రం ఎట్లాగో వినపడేది. పక్కనే అమ్మ పాట పాడుకుంటూ టిక్కీలు అంటించేది. నాకు ఆ పాట గొంతు నులమాలనిపించేది. తిట్టించుకుని వచ్చి, ఉమ్మించుకుని వచ్చి, కడుక్కుని, ఏమీ జరగనట్టు కూర్చునేది. ఆ ప్రార్థనలో ఆ ఒక్క రోజుకు చాలే తిండి అడిగే మాట ఉంటుంది, అది ఆమెకు బాగా నచ్చింది. "గీ దినానికే అడుగుమన్నడు బిడ్డా. రేపటిది అడిగితె ఆయనకు తిక్క లేస్తది" అనేది. రేపటి సంగతి ఆమె ఆలోచించడం మానేసింది, కాబట్టి ఇంట్లో అది నేను ఆలోచించాల్సి వచ్చింది.

బాపు అమ్మతో మాట్లాడటం మానేశాడు. తిట్టలేదు, కొట్టలేదు, తాగలేదు. అమ్మ పెదవులు కదిపితే మొహం తిప్పుకునేవాడు, అంతే. పంచాయితీలో ఆమె ఒక్కసారి తిప్పిన మొహాన్ని ఆయన బతికినన్నాళ్లూ తిరిగి తిప్పాడు. ఏదైనా కావాలంటే ఆమె ఎదురుగా ఉండగానే నాకు చెప్పేవాడు, "మీ అమ్మకు చెప్పు, చాయ్ పెట్టుమను." అమ్మ వినేది, పెట్టేది. ఉప్పెక్కువైందని ఇక ఎప్పుడూ అనలేదు. ఎంత ఉప్పైనా తినేవాడు. గల్లీవాళ్ల కాళ్లు చేతులు చేసిన దానికంటే ఆయన మెడ చేసింది పెద్ద పని అని నేను అంటాను. అమ్మ ఆయన మీద ఒక్క మాట అనలేదు. పొద్దుగూకాక కొక్కెం కింద మోకాళ్ల మీద కూర్చుని గొంతు లేకుండా ప్రార్థన చేసుకునేది. ఖాతా అలవాటు కదా, దేవుడితో కూడా పెదవులతోనే.

బాకీలన్నీ తీరడానికి ఎంతకాలం పట్టిందంటే, తీరేనాటికి బాపమ్మ పోయింది, నాకు పెళ్లయి ఒక బిడ్డ కూడా. ఆఖరిది తీర్చి వచ్చిన రోజు బాపు నన్ను పక్కకు పిలిచాడు. ఆయన చెవులు అప్పటికి పూర్తిగా పోయాయి, ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో ఆయనకు తెలియదు. "మీ అమ్మ గా ఒక్క మాట అంటలేదే" అన్నాడు. ఏ మాట అన్నాను. "దేవుని కాడ. మా బాకీలు ఇడిసిపెట్టు అంటది. దానికి ముంగట మేం ఇడిసిపెట్టినట్టు అని ఉన్నది గద, అది అంటలేదు. ఆ మాట కాడికి రాంగనే నోరు మూస్తది. జరసేపాగి మల్ల మొదలుపెడ్తది. నేను రోజు చూస్తున్న." ఆమె తనతో మాట్లాడితే మొహం తిప్పుకున్న మనిషి, ఆమె దేవుడితో మాట్లాడుతుంటే ఇన్నేళ్లుగా ఒక్క రోజు తప్పకుండా చదువుతూ కూర్చున్నాడు. ఆ మొగుడూ పెళ్లాల మధ్య మిగిలిన సంసారం అదొక్కటే. అట్లాగే చదువుతూ చదువుతూ పోయాడు కూడా.

బాపు పోయాక ఒకనాడు అమ్మనే అడిగాను. టిక్కీలు మానేసినా చేతులు ఊరుకోక చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఆమె చేతులు ఆగలేదు. "మాఫ్ చేసిన అని గల్లీల అన్న. అది మనుషుల ముంగటి మాట. నాకు కాలే బిడ్డా. ఎన్నిసార్లు చూసిన, కాలే. గాయనకు ఎరుకే గద. ఎరుకున్నోని ముంగట అబద్ధమెట్లాడుత? అందుకే ఆడ నోరు మూస్కుంట. ఆయన ఏమనడు. మల్ల మొదలువెట్టేదాక చూస్తడు. గంతకంటె నిమ్మలం ఇంకేముంటది?" అంది. అప్పటిదాకా ఆమె నిద్రను చూసి నాకు కోపమే. ఆ రోజు మాత్రం అసూయ పుట్టింది. నేను నిజం చెప్పి నోరు మూసుకునే చోటు ఒక్కటి కూడా నాకు లేదు.

ఇప్పుడు భేస్తాన్‌లో మా గది లేదు, పక్క ఖాతాలో చప్పుడు తక్కువ చేసే కొత్త మిషన్లు వచ్చాయట. పెదవులు చదివేవాళ్లు ఇంకొన్నాళ్లకు ఉండరు. మా గల్లీ పిల్లలు ఇంట్లో తెలుగు, బయట హిందీ, డబ్బు దగ్గర గుజరాతీ మాట్లాడతారు. అప్పులు ఫోన్లోనే తీసుకుంటారు, తీర్చకపోతే ఫోన్లోనే పరువు తీస్తారట. ఉమ్మే మనిషి మొహం కూడా కనపడదు. మా అమ్మ మీద ఉమ్మినామె పేరూ ఇల్లూ నాకు తెలుసు. ఆమె కూతురి పెళ్లికి అమ్మ వెళ్లి పసుపు దంచింది కూడా. ఏది మేలో నన్ను అడగొద్దు, రెండూ పాడువే. బడి మానిన తర్వాత మా ఇంట్లో ఉన్న ఒకే ఒక తెలుగు పుస్తకాన్ని అమ్మకు చదివి చదివి నేను రాయడం నేర్చుకున్నాను. నీ తెలుగు ఎక్కడిదని సభల్లో అడుగుతుంటారు. బాకీలో వచ్చిందని చెబితే నవ్వుతారు.

చాయ్ తెచ్చి లచ్చవ్వ చేతికిచ్చాను. సాసరులో పోసుకుని, ఊదుకుంటూ తాగింది. భీవండి ఎందుకు పోవాల్సి వచ్చిందో చెప్పబోయింది, మొగుడి ఊపిరితిత్తులని ఏదో మొదలుపెట్టింది. "అది వద్దు పెద్దమ్మా" అన్నాను. కారణాలు అందరికీ ఉంటాయి. ఆమె తల ఊపి, మూట విప్పకుండానే బొడ్డులోంచి తీసి ముందు పెట్టుకుంది.

"మీ అమ్మ నన్ను మాఫ్ చేసిందని ఎవలో భీవండికొచ్చి చెప్పిన్రు. గా దినం సంది నాకు పానం నిమ్మలం లేదు బిడ్డా. తిడితె తిట్టించుకుందు. మనుషులొచ్చి గుంజుకపోతె ఏడ్సుకుంట ఇద్దు. మాఫ్ చేసిన బాకీ ఎట్లిస్తరు? ఇస్తనంటె నా పెనిమిటే నవ్విండు, మాఫ్ అయినదానికి పైసలేందే పిచ్చిదానా అని. అన్నం తింటె అదే, పంటె అదే. నా బతుకంత గట్లనే పాయె. ఇప్పుడామె లేదు. నువ్వు కడుపుల పుట్టినదానివి, నీకెరుకుంటది." ఆమె నా మొహంలోకి చూసింది. "నిజంగ మాఫ్ చేసిందా?"

నాకు కావలసిన కత్తి నా చేతికి వచ్చింది. చేసిందని చెబితే ఈ ముసలామె మిగిలిన నాలుగు రోజులూ అట్లాగే ఉడికి చస్తుంది. లేదని చెబితే ఇప్పుడే ఇక్కడే గుండె పగులుతుంది. రెండో దాన్ని కళ్లారా చూడొచ్చు కాబట్టి అదే ఎంచుకున్నాను. పాత ఖాతా మనిషే కదా అని గొంతు వాడలేదు. నోరు సాగదీసి, ఒక్కో అక్షరం విడదీసి, పెదవులతోనే చెప్పాను. "లేదు. సచ్చేదాక చెయ్యలే."

దళసరి అద్దాల వెనక ఆమె కళ్లు నా నోటి మీద ఆగాయి. చదువుకున్నాయి. పగులుతుందనుకున్న మొహం మెల్లగా వదులైంది. ఇంత పొడుగు ఊపిరి వదిలింది. "చెయ్యలేదా?" అంది. "అబ్బ. బతికిచ్చినవ్ బిడ్డా. అట్లయితె ఇగ తీస్కో." మూట నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు తనే మూసింది. అమ్మ మంచం పక్కనే కొంగు పరుచుకుని, జర నడుం వాలుస్తానని పడుకుంది. కళ్లు మూసిన కాసేపటికే నోరు తెరుచుకుని నిద్రపోయింది, ఆ ప్రార్థన గదిలో గోడకు తల ఆనించి మా అమ్మ నిద్రపోయినట్టే.

నేను మూట ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చున్నాను. ఏం చేయాలో తోచక, అమ్మ చెప్పుకునే వరసలో గొంతు లేకుండా మొదలుపెట్టాను. ఆ రోజు తిండి అడిగే మాట దాటాను. బాకీల మాట దగ్గరికి వచ్చాను. ఎదురుగా లచ్చవ్వ గురకపెడుతోంది. నా నోరు మూసుకుంది.